ఫిట్స్ గోలీలు మానాలంటే: ఏది తేలిగ్గా వదులుతుంది, ఏది వదలదు

"రెండు మూడేళ్లయింది ఫిట్స్ వచ్చి, ఇంకా ఈ గోలీలెందుకు?" అని నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు మెడికల్ షాపుల్లో అడిగేవాళ్లు చాలామంది. అడగడంలో తప్పేం లేదు. రెండేళ్లకు తక్కువ కాకుండా ఫిట్స్ రాకపోతే డాక్టర్లు కూడా ఆలోచించే ప్రశ్నే అది. కాకపోతే గోలీ ఫిట్స్‌ను ఎంత బాగా ఆపుతుందన్నది ఒక లెక్క, మానేటప్పుడు ఎంత తేలిగ్గా వదులుతుందన్నది ఇంకో లెక్క. ఇక్కడ చూసేది రెండోది. న్యూరో డాక్టర్ దగ్గర ఏం అడగాలో తెలియడానికే ఇది. ఇంట్లో కూర్చొని సొంతంగా తగ్గించుకోవడానికి కాదు.

అన్నిట్లోకీ మొండిది ఫినోబార్బిటోన్, మన దగ్గర గార్డినాల్ అంటే తెలుస్తుంది. ధర తక్కువ, రోజుకోసారి వేసుకుంటే చాలు. కానీ మెదడు దానికి అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా ఆపితే, ఆపినందుకే ఫిట్స్ వస్తాయి. ఒకదాని వెంట ఒకటి వచ్చి ప్రాణం మీదికి తెస్తాయి. 90 మి.గ్రా. వాడే మనిషికి నెలకు 15 చొప్పున తగ్గించినా ఆరు నెలలు పడుతుంది. 15 అంటే 30 మి.గ్రా. గోలీలో సగం. చేతిలో 60 మి.గ్రా. గోలీలే ఉంటే ఈ మెట్లు కుదరవు కాబట్టి, తగ్గించే చీటీలో 30 మి.గ్రా. గోలీ అని విడిగా రాయించుకోవాలి. ఫ్రిజియం పేరుతో దొరికే క్లోబజామ్‌ది, క్లోనజెపామ్‌ది కూడా ఇదే తీరు. "చిన్న గోలీయే కదా" అని, మూడు మందులు వాడుతుంటే ముందుగా ఈ క్లోబజామ్‌నో క్లోనజెపామ్‌నో వదిలేసేవాళ్లున్నారు. చిన్నదే, కానీ వదిలించుకోవడానికి అదే కష్టమైనది.

ఎప్టాయిన్, అంటే ఫెనిటాయిన్, లెక్కకు లొంగని మందు. 300 నుంచి 200కు దిగితే రక్తంలో మందు మూడో వంతే తగ్గుతుందనుకుంటాం. అంతకంటే బాగా ఎక్కువే పడిపోవచ్చు. అందుకే 50 మి.గ్రా. గోలీతో చిన్న మెట్లు వేయడం మేలు. చిగుళ్లు ఉబ్బి, ఎముకలు బలహీనపడి విసిగిపోయినవాళ్లకు మానడం ఒక్కటే దారి కాదు, వేరే మందుకు మారే దారీ ఉంది. ఆ మాట తప్పకుండా అడగండి.

వాల్‌ప్రోయేట్ ఫిట్స్‌కు గట్టి మందే. ఆడపిల్లల విషయంలో మాత్రం మానడమా, మార్చడమా అన్నది పెళ్లి మాటలప్పుడే తేల్చుకోవాలి. గర్భంలో ఈ మందు తగిలిన పిల్లల్లో పదిమందిలో ఒకరికి పుట్టుకతో లోపాలు, ముగ్గురు నలుగురికి మాటలోనో చదువులోనో వెనకబాటు ఉంటాయి. నెల తప్పాక భయంతో ఒక్కరోజులో ఆపేయడం ఇంకా ప్రమాదం, తల్లికి పెద్ద ఫిట్స్ వస్తే ఇద్దరికీ ముప్పే. అప్పుడు వెంటనే డాక్టర్ దగ్గరికి పోవాలి, అప్పటిదాకా గోలీ ఆపకూడదు.

ఉన్నవాటిలో తేలిగ్గా వదిలేది లెవెటిరాసిటమ్, అదే లెవిపిల్. పూటకు 500 చొప్పున రోజుకు 1000 వాడేవాళ్లకు నాలుగు వారాలకోసారి 250 తగ్గిస్తూ పోతే మూడు నెలల్లో అయిపోతుంది. వాడినన్నాళ్లూ చిరాకు, కోపం తెప్పించే మందు కాబట్టి, మానాక ఇంట్లోవాళ్లకే ముందు తేడా తెలుస్తుంది.

గోలీ తేలిగ్గా వదిలిందంటే జబ్బు వదిలిందని కాదు. రెండేళ్లుగా ఫిట్స్ లేని 1013 మందితో చేసిన బ్రిటన్ అధ్యయనం 1991లో వచ్చింది. మరో రెండేళ్లకు మందు కొనసాగించిన వాళ్లలో 78 శాతం, నెమ్మదిగా మానిన వాళ్లలో 59 శాతం మంది ఫిట్స్ లేకుండా ఉన్నారు. ఎవరు మానొచ్చన్నది ఫిట్స్ రకం చెబుతుంది. మెదడులో ఒక్క పురుగు (టేప్‌వర్మ్) గడ్డ వల్ల ఫిట్స్ వచ్చి, స్కాన్‌లో అది పూర్తిగా కరిగిపోయిన వాళ్లకు త్వరగానే మానిపించవచ్చు. అదే గట్టిపడి సున్నపు చుక్కగా మిగిలితే ఎక్కువ కాలం వాడాలి. పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడి చాయ్ గ్లాసు జారిపోయే రకం, పదిహేనేళ్ల ప్రాయంలో మొదలయ్యేది, గోలీ ఆపితే తిరిగి రావడం చాలా ఎక్కువ. వాళ్లకు మానే మాట ఎత్తకపోవడమే మంచిది. ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) బాగుందన్న ఒక్క కాగితం చూసి నిర్ణయించకూడదు.

రెండు మందులుంటే ఒకటి పూర్తిగా పోయాకే రెండోది ముట్టుకోవాలి. తగ్గించే నెలల్లోనూ, ఆ తర్వాత ఆరు నెలలూ బండి నడపొద్దు, బావిలో, కాల్వలో ఈతకు దిగొద్దు, మోటరు దగ్గరికి ఒంటరిగా పోవద్దు. రాత్రంతా నీళ్లు కట్టే పని ఇంకొకరికి అప్పగించాలి, నిద్ర చెడితే ఫిట్స్‌ను పిలిచినట్టే. కల్లు తాగే అలవాటుంటే డాక్టర్‌కు దాచొద్దు. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం కూడా క్లోబజామ్ జాతి మందే, అది హఠాత్తుగా ఆగినా ఫిట్స్ వస్తాయి. జ్వరానికో నొప్పికో ఆర్ఎంపీ దగ్గరికి పోతే ఫిట్స్ సంగతి ముందే చెప్పాలి. ట్రమడాల్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటివి ఫిట్స్‌ను రేపుతాయి.

తగ్గించేటప్పుడు ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, చేతిలో తాళాలు, నోట్లో చెంచా పెట్టొద్దు, ఐదు నిమిషాలు దాటితే 108కు ఫోన్ చేయాలి. ఏ తేదీన ఏ మెట్టు మీద వచ్చిందో రాసి డాక్టర్‌కు చూపిస్తే, చాలామందికి వెనకటి మోతాదుతోనే మళ్లీ అదుపులోకి వస్తుంది.