సిస్టమ్_క్లాక్‌కి చిన్న ఇంటీజర్ పంపితే కంపైలర్ ఏం చేయాలి?

ఫోర్‌ట్రాన్ ప్రోగ్రామింగ్ భాషలో సిస్టమ్_క్లాక్ అనేది టైమ్ కొలిచే రొటీన్; కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని టిక్కులు), కౌంట్_రేట్ (సెకనుకి ఎన్ని టిక్కులు), కౌంట్_మ్యాక్స్ (కౌంట్ ఎంతదాకా వెళ్తుంది) చెబుతుంది. దానికి ఎవరైనా 1 బైటు, 2 బైట్ల ఇంటీజర్లు (పూర్ణాంకాల వేరియబుల్స్) పంపితే కంపైలర్ ఏం చేస్తే మేలు అని తరచూ అడుగుతున్నారు. ఏ కైండ్ (అంటే ఇంటీజర్ సైజు) అయినా పరవాలేదని ఫోర్‌ట్రాన్ 2003 స్టాండర్డే అంది కాబట్టి పాత కోడ్‌ని తప్పుపట్టలేం.

దారులు మూడున్నాయి. లోపల 64 బిట్లలో లెక్కకట్టి చివర్లో కోసి ఇచ్చే పద్ధతి గురించి ఎక్కువ మాట్లాడక్కర్లేదు. కౌంట్_రేట్ 1000ని 1 బైటులో కుక్కితే -24 అవుతుంది, అంటే సెకనుకి మైనస్ 24 టిక్కులు!

అసలు పోటీ మిగతా రెండిటి మధ్యే. ఒకటి, గడియారాన్ని పట్టినంతలో ఇమడ్చడం: 2 బైట్లయితే మిల్లీసెకన్లే లెక్కపెట్టి 32767 దాటగానే మళ్లీ సున్నా నుంచి, 1 బైటయితే సెకనుకి ఏ 10 టిక్కులో. రెండోది, గడియారమే లేదనేయడం: కౌంట్‌లో -హ్యూజ్ (ఆ సైజులో పట్టే అతిపెద్ద సంఖ్యకి మైనస్), రేట్‌లోనూ మ్యాక్స్‌లోనూ సున్నా.

మొదటిదే మర్యాదగా కనిపిస్తుంది, చిన్న చిన్న కొలతలకి సరిగ్గానే పనిచేస్తుంది కూడా. కానీ నాకు ముఖ్యం ఒక్కటే, జవాబు తప్పయితే వాడేవాడికి తెలుస్తుందా లేదా? 40 సెకన్లు నడిచిన లూప్‌ని 2 బైట్లతో కొలిచారనుకోండి, 40000లోంచి 32768 పోయి 7.232 సెకన్లని వస్తుంది, చూడ్డానికి ఎంత నిజంలా ఉందో, ఎవరికీ అనుమానం రాదు. పైగా తేడా మైనస్ వచ్చినప్పుడు మ్యాక్స్‌కి 1 కలిపి సరిదిద్దుకుందామంటే ఆ కూడికని 2 బైట్లలోనే చేస్తే జవాబు పట్టక ఓవర్‌ఫ్లో అవుతుంది. గడియారం లేదంటే మాత్రం రెండు రీడింగులూ -32767, తేడా సున్నా, దాన్ని రియల్‌గా మార్చి సున్నా రేటుతో భాగిస్తే తెర మీద నాన్ (NaN, అంటే ‘సంఖ్య కాదు’) పడుతుంది. కాస్త మొరటే, కానీ ఎవరి కంటా పడకుండా పోదు.

ఇంతకన్నా మేలు కంపైల్ చేసేటప్పుడే చెప్పేయడం. డిఫాల్ట్ ఇంటీజర్ కన్నా తక్కువ రేంజ్ ఉన్నవి కుదరవని, ఇంటీజర్ ఆర్గ్యుమెంట్లన్నీ ఒకే కైండ్ కావాలని 2023 స్టాండర్డ్ తేల్చేసింది కనక ఆ స్టాండర్డ్ మోడ్‌లో ఎర్రర్, పాత మోడ్‌లో వార్నింగ్ ఇచ్చి రన్‌టైమ్‌లో సున్నా రేటు, నా ఓటు దీనికే.

వాడేవాళ్లయితే కౌంట్, రేట్ రెండిటికీ 8 బైట్లే పెట్టుకోండి. లినక్స్ మీద జీఫోర్‌ట్రాన్ కంపైలర్‌లో రేట్‌ని ఒక కాల్‌లో 4 బైట్లతో (1000 వస్తుంది), కౌంట్‌ని ఇంకో కాల్‌లో 8 బైట్లతో (నానోసెకన్లు వస్తాయి) అడిగితే నానోసెకన్లని 1000తో భాగించినట్టవుతుంది, పది లక్షల రెట్లు తేడా.