ఉన్నికి ప్రోటియేజ్ ఎంజైమ్: మెత్తదనానికి ఢోకా లేదు, మెషీన్ వాష్‌కు మాత్రం చాలదు

ఉన్ని ఫినిషింగ్ కోసమని డబ్బాల్లో అమ్ముతున్న ఆల్కలైన్ ప్రోటియేజ్ (క్షారంలో పనిచేస్తూ ప్రోటీన్‌ను కరిగించే ఎంజైమ్) ద్రవాల గురించి ఈ రివ్యూ. పైన ఏ పేరున్నా లోపల ఎక్కువగా ఉండేది బాసిల్లస్ బాక్టీరియా నుంచి తీసిన సబ్టిలైసిన్ రకం ఎంజైమే. సావినేజ్, ఎస్పరేజ్ ఆ కోవలోవే. బట్టల సబ్బు పొడిలో మరకలు వదిలించేదీ ఈ రకమే. ఉన్ని, పట్టు కూడా ప్రోటీన్లే. ఎంజైమ్ ఉన్న సబ్బు పొడిని వాటికి వాడొద్దని చెప్పేది అందుకే. ఉన్నిని తినే ఆ గుణాన్నే కొలత ప్రకారం, గడియారం చూసుకుంటూ వాడుకోవడం ఈ ఫినిషింగ్.

కొనొచ్చా అంటే, చేతికి తగిలే మెత్తదనం, బట్ట మీద ఉండలు కట్టకపోవడం, తక్కువ వేడిలో అద్దకం పట్టడం, ఈ మూడింటికీ ధైర్యంగా కొనొచ్చు. ‘క్లోరిన్ మానేయండి, ఇదొక్కటి చాలు, స్వెట్టర్ మెషీన్‌లో ఉతుక్కోవచ్చు’ అని ఎవరైనా అంటే మాత్రం నమ్మొద్దు.

ఉన్ని పోగు మీద పొలుసులుంటాయి. వాటి అంచులన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి కాబట్టి నీళ్లలో నలిగినప్పుడు పోగులు ఒకవైపే జరిగి, ఒకదాన్నొకటి పట్టేసుకుని బట్ట ముద్దకడుతుంది. దీన్ని ఆపడానికి వాడే క్లోరిన్-హెర్కోసెట్ పద్ధతిలో క్లోరిన్ ఆ పొలుసుల పైపొరను చెడగొడుతుంది, తర్వాత పాలిమర్ రెజిన్ పోగును కప్పేస్తుంది. పని బాగానే జరుగుతుంది. కానీ మురుగునీటిలోకి ఏఓఎక్స్, అంటే క్లోరిన్ అతుక్కున్న సేంద్రియ పదార్థాలు చేరతాయి. ఈటీపీలో, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటులో, వాటిని వదిలించుకోవడం చాలా కష్టం. ఎంజైమ్ మీద ఇంత ఆశ పుట్టింది అక్కడే.

చిక్కేమిటంటే, పొలుసు పైభాగమే ఉన్నిలో అన్నిటికన్నా గట్టిది. మీద కొవ్వు ఆమ్లపు పొర ఉంటుంది, కింద సల్ఫర్ బంధాలతో బిగుసుకున్న ప్రోటీన్ ఉంటుంది. సబ్టిలైసిన్ చాలా చిన్న అణువు, సుమారు 27 కిలోడాల్టన్లు (అణువు బరువును కొలిచే యూనిట్). పైన పళ్లు దిగక అది పొలుసుల సందుల్లోంచి లోపలికి దూరి, కణాలను అతికించి ఉంచే మెత్తటి పదార్థాన్ని తినేస్తుంది. పొలుసు అలాగే నిలబడి ఉంటుంది, పోగు బలం మాత్రం పోతుంది. పోర్చుగల్‌లోని మిన్హో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎంజైమ్‌ను యూడ్రాజిట్ అనే పాలిమర్‌కు కట్టి అణువును పెద్దది చేసి చూశారు. లోపలికి దూరలేక అది పైపైనే పనిచేసింది. దారి అదే. మామూలుగా డబ్బాల్లో దొరికేది మాత్రం ఆ పెద్ద అణువు కాదు. అందుకే ముందు పైపొరను కాస్త వదులు చేసి, తర్వాతే ఎంజైమ్ వేయాలి.

10 కిలోల తెల్ల మెరినో అల్లిక బట్టకు, 1:20 లిక్కర్ రేషియోలో (బట్ట బరువుకూ నీటికీ నిష్పత్తి), అంటే 200 లీటర్ల నీటికి లెక్క ఇలా ఉంటుంది. మొదట నాన్‌అయానిక్ సబ్బు లీటరుకు 1 గ్రాము వేసి 45 డిగ్రీల్లో 20 నిమిషాలు ఉతకాలి. జిడ్డు మిగిలితే ఎంజైమ్ మచ్చలు మచ్చలుగా పడుతుంది. తర్వాత పైపొరను వదులు చేయడానికి 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 2 లీటర్లు, సోడియం పైరోఫాస్ఫేట్ 400 గ్రాములు, పీహెచ్ 8.5 నుంచి 9, 50 డిగ్రీల్లో గంట. ఈ బాత్ (మందు కలిపిన నీళ్లు) దించాక పెరాక్సైడ్ ఆనవాలు మిగలకూడదు. మిగిలిందా, సబ్టిలైసిన్‌లోని మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఆక్సీకరించి ఎంజైమ్‌ను దెబ్బతీస్తుంది. ‘సరుకు పనిచేయలేదు’ అన్న ఫిర్యాదుల వెనుక తరచూ ఉండేది ఇదే. పెరాక్సైడ్‌ను విడగొట్టే కాటలేజ్ ఎంజైమ్ వేసి 15 నిమిషాలు తిప్పి, పెరాక్సైడ్ స్ట్రిప్‌తో చూసుకున్నాకే ముందుకెళ్లాలి.

ఇప్పుడు ఎంజైమ్: బట్ట బరువులో 1 నుంచి 2 శాతం, అంటే 100 నుంచి 200 గ్రాములు. సోడియం బైకార్బొనేట్‌తో పీహెచ్ 8 నుంచి 8.5, వేడి 50 డిగ్రీలు, సమయం 30 నిమిషాలు, మహా అయితే 40. కొందరు ఇదే బాత్‌లో సోడియం సల్ఫైట్ కూడా వేస్తారు. అది సల్ఫర్ బంధాలను తెంచుతుంది కాబట్టి పని చాలా వేగంగా జరుగుతుంది, నష్టం కూడా అంతే వేగంగా. సల్ఫైట్ వేస్తే సగం సమయానికే ఒక ముక్క తీసి బలం చూసుకోవాలి. కాల్షియాన్ని పట్టేసే ఈడీటీఏ లాంటి సీక్వెస్ట్రింగ్ ఏజెంట్ ఈ బాత్‌లో వద్దు, సబ్టిలైసిన్ నిలకడకు కాల్షియం కావాలి.

అసలు పనితనం ఆపడంలో ఉంది. మామూలు నీళ్లతో కడిగేస్తే ఎంజైమ్ ఆగదు, తడి బట్టలో ఉండి తింటూనే ఉంటుంది. ముందు అసిటిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 4కు దించాలి, ఆ తర్వాతే వేడిని 80 డిగ్రీలకు పెంచి 10 నుంచి 15 నిమిషాలు ఉంచాలి. వరస తారుమారు చేయొద్దు. క్షారంలో వేడి పెంచితే 60, 70 డిగ్రీలు దాటే లోపే ఎంజైమ్ ఇంకాస్త తింటుంది, క్షారం కూడా ఉన్నిని పాడు చేస్తుంది.

బరువు నష్టం 2, 3 శాతం దాటనివ్వకూడదు. అయితే ఆ తూకం ఎలా వేస్తున్నారన్నది ముఖ్యం. 65 శాతం గాలి తేమలో ఉన్ని తన పొడి బరువులో సుమారు 16 శాతం నీటిని పట్టి ఉంచుకుంటుంది. ఉదయం తూచి, మధ్యాహ్నం మళ్లీ తూస్తే గాలిలో తేమ మారినందుకే 2 శాతం తేడా రావచ్చు. 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి తూచిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. లోపలి దెబ్బ తెలియాలంటే ఆల్కలీ సాల్యుబిలిటీ చూడాలి: 0.1 నార్మల్ కాస్టిక్ సోడాలో 65 డిగ్రీల దగ్గర గంట ఉంచి ఎంత కరిగిందో తూచాలి. ఎంజైమ్ వేయని ముక్కతో పోల్చినప్పుడే ఆ అంకెకు అర్థం.

సరుకు మంచిదో కాదో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్క చాలు. ఫిల్ము మీది నలుపు జెలటిన్ పొరలో ఉంటుంది, జెలటిన్ ప్రోటీనే. పలుచన చేసిన ఎంజైమ్‌ను ఒక చుక్క వేసి, తడి ఆరకుండా కాసేపు వెచ్చగా ఉంచి, నీటి కింద కడిగితే చుక్క పడిన చోట నల్లటి పొర ఊడి గుండ్రంగా, పారదర్శకంగా మచ్చ పడుతుంది. కొత్త డబ్బా తెరిచిన రోజే కొంచెం తీసి ఫ్రిజ్‌లో దాచి, దాని పక్కనే పాత డబ్బా చుక్క వేసి చూస్తే ఎంత చచ్చిందో కంటికే తెలిసిపోతుంది. మన ఎండాకాలంలో రేకుల షెడ్డులో పెట్టిన డబ్బాకు ఈ పరీక్ష తప్పనిసరి. ధర పోల్చేటప్పుడు ఇంకో జాగ్రత్త: ఒక్కో కంపెనీ యాక్టివిటీని ఒక్కో యూనిట్‌లో రాస్తుంది, ఆ అంకెలను నేరుగా పోల్చలేం. రెండు సరుకులనూ ఒకే ఫిల్ము మీద, ఒకే పలుచనలో చూడటం మేలు.

అద్దకంలో లాభం నిజమే. పైపొర వదులవడంతో రంగు త్వరగా ఎక్కుతుంది, మరిగే దాకా వెళ్లకుండా 85, 90 డిగ్రీల్లోనే ముగించొచ్చు. కానీ త్వరగా ఎక్కే రంగు చారలు కూడా వేస్తుంది. నిమిషానికి 1 డిగ్రీ చొప్పున మెల్లగా వేడి పెంచాలి, రంగు సమంగా పట్టించే లెవెలింగ్ ఏజెంట్ మానకూడదు. ఎంజైమ్ వేసిన బట్టనూ వేయనిదాన్నీ ఒకే బాత్‌లో దించితే షేడ్ కలవదు.

మన దక్కనీ గొర్రె ఉన్నికి, గొంగడికి వాడొచ్చా? పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ఒంటికి గుచ్చుకునేది పొలుసు కాదు, 30 మైక్రాన్లకు మించి లావున్న పోగు కొన. ఎంజైమ్ పోగు లావును తగ్గించదు. పైగా నల్ల ఉన్నికి పెరాక్సైడ్ వాడితే సహజమైన నలుపు గోధుమ రంగుకు దిగుతుంది. చింతగింజల గంజి పెట్టిన నేత అయితే ముందు వేడినీళ్లతో ఆ గంజి వదిలించాలి, ప్రోటియేజ్ దాన్ని ముట్టదు. గొంగడి వాన నీటిని ఆపేది పోగులు బిగుసుకుని ఉండటం వల్లే కాబట్టి, ఆ బిగువును తగ్గించే ఫినిషింగ్ దానికి అక్కర్లేదు కూడా.

పర్యావరణం లెక్కలో, ఏఓఎక్స్ లేకపోవడం పెద్ద మేలు. కరిగిన ప్రోటీన్ మురుగునీటిలో బీఓడీని (కుళ్లే పదార్థాన్ని విడగొట్టడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్), నైట్రోజన్‌ను పెంచుతుంది. కానీ ఆ బరువును మామూలు జీవ శుద్ధి మోయగలదు. పనివాళ్ల ఊపిరి సంగతి వేరు. సబ్టిలైసిన్ ధూళి ఆస్తమా తెప్పిస్తుంది. 1960ల్లో డిటర్జెంట్ ఫ్యాక్టరీల కార్మికుల్లో బయటపడింది ఇదే. గాలిలో దాని పరిమితిని ఘనపు మీటరుకు 60 నానోగ్రాములని పెట్టారంటే ఎంత తక్కువ మోతాదు చాలో తెలుస్తుంది. పొడి రూపంలో చవగ్గా వస్తున్నా కొనొద్దు. ద్రవమే తీసుకుని, ఒలికితే ఆరనివ్వకుండా తడి గుడ్డతో తుడవాలి, పైపుతో చిమ్మి కడగకూడదు.