‘మీ ఆలోచనకు పేటెంటు మేమిప్పిస్తాం’ అనేవారికి డబ్బు కట్టబోయేవారికి ఒక హెచ్చరిక

కొత్త వస్తువు ఒకటి రూపొందించి బజారులోకి తేవాలనుకుంటున్నవారు, ముఖ్యంగా ఫోనులో ప్రకటన చూసి ‘ఆలోచన మీది, మిగతాదంతా మాది’ అనే సంస్థకు అడ్వాన్సు కట్టబోతున్నవారు, ఒక్కసారి ఆగి నాకు జరిగినది చదవాలని కోరుతున్నాను. నేను రెండు విడతలుగా 2,10,000 రూపాయలు కట్టాను. అయితే ఆ డబ్బు కంటే పెద్ద నష్టం మరొకటి జరిగింది, ఈ టపా ప్రధానంగా దాని గురించే. వ్యవహారం వినియోగదారుల కమిషన్ ముందున్నందున సంస్థ పేరు రాయడం లేదు.

గుంటూరు దగ్గర నాకు చిన్న వెల్డింగు షెడ్డు ఉంది. ఎండుమిరపకాయలకు తొడిమలు తీసే పని మా వైపు ఎక్కువగా ఆడకూలీలే చేస్తారు, సాయంత్రానికి వారి వేళ్లు, కళ్లు మంటలెత్తిపోతాయి. కాయ చిట్లకుండా తొడిమను మాత్రమే తుంచే చేతియంత్రం ఒకటి రెండేళ్లు కష్టపడి తయారు చేశాను. అది పనిచేసింది. తరువాత ఏం చేయాలో తెలియకపోవడమే ఆ సంస్థవారికి అందివచ్చింది.

మొదట 15,000 రూపాయలకు ‘మార్కెట్ అధ్యయన నివేదిక’ ఇచ్చారు. 22 పేజీల ఆ పుస్తకంలో దేశ జనాభా, సుగంధ ద్రవ్యాల ఎగుమతులు అన్నీ ఉన్నాయి కానీ, నా యంత్రం ప్రస్తావన అట్ట మీద, చివరి పేజీలో తప్ప ఎక్కడా లేదు. చేనేతలో నూలు అమర్చే ఆసు యంత్రం చేసి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం గారితో నన్ను పోల్చి, ‘ఆయనకు మీరేం తీసిపోయారండీ’ అన్నారు. ఆయన 1992లో మొదలుపెట్టి 1999 దాకా ఒక్కొక్క భాగమే కూర్చుకుంటూ వచ్చారన్న సంగతి ఆ పొగడ్తలో నాకు గుర్తుకు రాలేదు. పేటెంటు, త్రీడీ బొమ్మలు, ప్రచార వీడియో, తయారీదారుల పరిచయం అన్నీ కలిపి 1,95,000 రూపాయల ప్యాకేజీకి సంతకం పెట్టాను.

అసలు దెబ్బ ఇక్కడే తగిలింది. 2023 జూన్‌లో వారు నా పేరున ప్రొవిజనల్ దరఖాస్తు వేసి, దాని నంబరు పంపి, ‘మీకు పేటెంటు వచ్చేసినట్టే’ అన్నారు. ప్రొవిజనల్ అంటే పేటెంటు కాదు, తేదీని పట్టి ఉంచే పత్రం మాత్రమే. 12 నెలల లోపు పూర్తి స్పెసిఫికేషన్, అంటే ఆవిష్కరణను పూర్తిగా వివరించే పత్రం, దాఖలు చేయకపోతే చట్టం ప్రకారం ఆ దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క. ఈ గడువు గురించి నాకెవరూ చెప్పలేదు. సెప్టెంబరులో యంత్రం లోపలి బ్లేడు అమరికతో సహా చూపిస్తూ ప్రచార వీడియో తీసి యూట్యూబులో పెట్టారు, నేను సంతోషించి బంధువులందరికీ పంపాను. 2024 ఆగస్టులో అనుమానం వచ్చి రిజిస్టర్డ్ పేటెంట్ ఏజెంటు ఒకరికి ఆ నంబరు చూపిస్తే, గడువు జూన్‌లోనే దాటిపోయిందనీ, పూర్తి స్పెసిఫికేషన్ దాఖలే కాలేదనీ చెప్పారు. కొత్తగా దరఖాస్తు వేద్దామంటే, ఇప్పటికే బహిరంగమైన దానికి కొత్తదనం ఉండదు గనుక, నా యంత్రానికి నా వీడియోయే అడ్డం. వీడియో పెట్టడం ఒక్కటే అయితే, గడువులోగా పూర్తి స్పెసిఫికేషన్ పడి ఉంటే, ప్రొవిజనల్ తేదీ వీడియోకు ముందుదే గనుక, ఇంత నష్టం ఉండేది కాదు. ఆ రెండూ కలిసి నా దారి మూసేశాయి.

నిలదీస్తే ‘సర్టిఫికెట్టు వచ్చిందిగా’ అంటూ మరొక కాగితం చూపించారు. అది 2000 నాటి డిజైన్ల చట్టం కింద జరిగిన నమోదు. ఆ చట్టం వస్తువు ఆకారానికి, రూపురేఖలకు రక్షణ ఇస్తుందే తప్ప అది పనిచేసే విధానానికి కాదు. పక్క ఊరివాడు రేకు ఆకారం కాస్త మార్చి, అదే బ్లేడు అమరికతో అమ్ముకున్నా నేను చేయగలిగింది లేదు. పైగా ఈ నమోదుకు కూడా వీడియో తరువాతే దరఖాస్తు పెట్టారు కాబట్టి, ఎవరైనా సవాలు చేస్తే అదీ నిలబడడం కష్టమని ఏజెంటు అన్నారు. ‘డిజైన్ పేటెంటు’ అని ఎవరైనా అంటే, అది ఏ చట్టం కింద వస్తుందో తప్పక అడగండి.

డబ్బు కట్టే ముందు నాకు తెలిసి ఉండవలసిన విషయాలు పెద్ద రహస్యాలేమీ కావు. వ్యక్తిగతంగా దరఖాస్తు చేసేవారికి ఆన్‌లైన్‌లో ప్రభుత్వ రుసుము 1,600 రూపాయలు, పరీక్షించమని కోరే ఫారానికి 4,000 రూపాయలు. మిగతాది రాసిపెట్టేవారి ఫీజు. నాకు తరువాత దొరికిన ఏజెంటు ఆ మొత్తం పనికి 40,000 లోపే చెప్పారు. నమోదైన ఏజెంట్ల జాబితా పేటెంట్ కార్యాలయం వెబ్‌సైటులోనే ఉంటుంది, నమోదు లేనివారు ఆ పని చేయడాన్ని చట్టమే నిషేధిస్తుంది. మన రెండు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. అలాంటి వస్తువు ఇదివరకే ఉందేమో ఇన్‌పాస్ అనే ప్రభుత్వ వెతుకులాట వ్యవస్థలో ఉచితంగా చూసుకోవచ్చు. నేను వెతికితే దగ్గరి పోలికలున్న దరఖాస్తులు కనిపించాయి. 22 పేజీల నివేదికలో వాటి ఊసే లేదు. నమూనా చేయించుకోవాలంటే హైదరాబాదులో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ ఉంది. గ్రామీణ ఆవిష్కర్తలకు పేటెంటు విషయంలో గుజరాత్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ సాయపడుతుంది. కేంద్రం గుర్తించిన స్టార్టప్‌లకైతే 2016 నుంచి ఉన్న పథకం కింద దరఖాస్తు రాసేవారి ఫీజును ప్రభుత్వమే భరిస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. ఇటువంటి సంస్థలు అక్కడా ఉన్నాయి. అయితే అక్కడి 1999 నాటి చట్టం ప్రకారం, గత అయిదేళ్లలో ఎన్ని ఆవిష్కరణలను పరిశీలించారో, ఎన్నింటిని బాగాలేవన్నారో, తాము కట్టిన దానికంటే ఎక్కువ సంపాదించిన ఖాతాదారులు ఎందరో ఒప్పందానికి ముందే రాతపూర్వకంగా చెప్పాలి. ఇక్కడ ఆ నిబంధన లేకపోయినా ఆ ప్రశ్నలు అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నేను అడగలేదు.

ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేశాను, తరువాత 2025లో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు కాబట్టి రుసుము పడలేదు. రెండేళ్ల గడువు ఉంటుంది కాబట్టి నాలాగా నష్టపోయినవారు ఆలస్యం చేయకండి. నేను వ్యాపారం కోసం సేవ కొన్నాను గనుక వినియోగదారుణ్ణే కానని వారి లాయరు వాదిస్తున్నారు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం చేసినది ఆ మినహాయింపు కిందికి రాదని మా తరఫు వాదన. ఒప్పందం, రసీదులు, వారి వాట్సాప్ సందేశాలు అన్నీ సమర్పించాను, ‘మీకు పేటెంటు వచ్చేసినట్టే’ అన్న సందేశంతో సహా.