40 శాతం తగ్గింపు బెజవాడ చేరేసరికి ఎంత మిగులుతుంది?

అమెరికా, జర్మనీ, జపాన్ సైట్ల నుంచి ఇయర్‌ఫోన్లు, పెన్నులు, కెమెరా సామాను, వంటింటి మిషన్లు బెజవాడకు తెప్పించుకోవడం మొదలుపెట్టి ఏళ్లు గడిచాక రాస్తున్న సమీక్ష ఇది. తీర్పు ముందే చెప్పేస్తాను. సైటులో ఎర్ర అక్షరాల్లో మెరిసే శాతాన్ని లెక్కలోకే తీసుకోవద్దు. వస్తువు మన గుమ్మంలోకి వచ్చేసరికి ఎంతయింది, అదే వస్తువు బీసెంట్ రోడ్డులోనో గుంటూరు అరండల్‌పేటలోనో మన దేశపు సైట్లలోనో ఎంతకు దొరుకుతోంది, ఈ రెండు అంకెలే చూడాలి.

ఒక లెక్క మొత్తం వేసి చూద్దాం. 200 డాలర్ల ఇయర్‌ఫోన్లను 40 శాతం తగ్గించి 120కి పెట్టారు. రవాణా 18 డాలర్లు. డాలరు 90 రూపాయలు అనుకుంటే వస్తువు 10,800 పడుతుంది. బాగా చవగ్గానే కనిపిస్తుంది. కానీ కస్టమ్స్ వాళ్లు సుంకం వేసేది వస్తువు ధర ఒక్కదాని మీదే కాదు. ధర, రవాణా, బీమా కలిపిన విలువ మీద వేస్తారు. బీమా ఎంతో తెలియకపోతే ధరలో 1.125 శాతం, రవాణా తెలియకపోతే 20 శాతం కలుపుతారు. మన ఉదాహరణలో ఆ విలువ 139.35 డాలర్లు, అంటే దాదాపు 12,540 రూపాయలు. దిగుమతి సుంకం 20 శాతం అనుకుంటే 2,508. ఆ సుంకంలో పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌చార్జి, 251. ఇవన్నీ కలిపిన మొత్తం మీద 18 శాతం ఐజీఎస్టీ (దిగుమతుల మీద పడే జీఎస్టీ), 2,754. పన్నులే 5,513 అయ్యాయి. కార్డు మీద విదేశీ మారకపు రుసుము 3.5 శాతం, దాని మీద జీఎస్టీ కలిపి 513. మన తరఫున పన్ను ముందుగా కట్టినందుకు కొరియర్ సంస్థ తీసుకునే రుసుము జీఎస్టీతో 590 వేసుకోండి. రవాణాతో సహా మొత్తం 19,036 రూపాయలు. తగ్గింపు లేని 200 డాలర్ల ధర 18,000 మాత్రమే!

సుంకం రేట్లు బడ్జెట్లలో మారుతుంటాయి, వస్తువును బట్టీ మారతాయి. పై లెక్కలో సుంకం 10 శాతమే పడిందనుకున్నా మొత్తం 17,400 దాకా వస్తుంది. అందుకే నేను వాడే కొలత ఇది: తగ్గింపు ధరను రూపాయల్లోకి మార్చి 1.6తో ఒకసారి, 1.75తో ఒకసారి గుణించి చూస్తాను. పెద్ద అంకె కూడా ఇక్కడి ధర కంటే తక్కువగా ఉంటేనే కొనే ఆలోచన. మన దగ్గర ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయన్నది మరిచిపోవద్దు. అచ్చు పుస్తకాలది వేరే దారి. వాటికి జీఎస్టీ లేదు, సుంకం తక్కువ, అందుకే తపాలా ఖర్చు భరించగలిగితే గిట్టుబాటవుతాయి.

‘గిఫ్ట్ అని రాసి పంపిస్తాం’ అనే అమ్మకందారును నమ్మకండి. పోస్టులో, కొరియర్లో వచ్చే బహుమతులకు సుంకం మినహాయింపు 2019 డిసెంబరు 12తో పోయింది. రాఖీలు, ప్రాణరక్షక మందులు మాత్రమే మినహాయింపులో మిగిలాయి. విలువ తగ్గించి రాసినా చిక్కే. కస్టమ్స్ వాళ్లు మార్కెట్ ధర చూసి మళ్లీ లెక్క కడతారు. పార్సిల్ పోయిందంటే బీమా కూడా రాసిన విలువకే వస్తుంది.

అసలు ఆ 200 డాలర్లు నిజమేనా అన్నది మరో ప్రశ్న. అమెజాన్ అమెరికా ధరల చరిత్ర కామెల్‌కామెల్‌కామెల్, కీపా అనే సైట్లలో గ్రాఫుగా కనిపిస్తుంది. ఏడాది గ్రాఫు తెరవండి. వస్తువు ఏడాదిలో ఎక్కువ రోజులు 130 దగ్గరే ఉండి, నవంబరులో బ్లాక్ ఫ్రైడే అమ్మకాలకు ముందు 200కి ఎక్కి, మళ్లీ 120కి దిగిందంటే అది 10 డాలర్ల తగ్గింపు, 80 డాలర్లది కాదు. ఐరోపా సైట్లు ఈ విషయంలో నయం. అక్కడ 2022 మే 28 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం తగ్గింపు ప్రకటిస్తే, అంతకు ముందు 30 రోజుల్లోని కనిష్ఠ ధరను పాత ధరగా చూపించాలి. పైగా జర్మనీ ధరలో 19 శాతం వ్యాట్ కలిసి ఉంటుంది. ఐరోపా బయటికి పంపేటప్పుడు చాలా దుకాణాలు దాన్ని తీసేస్తాయి కాబట్టి 119 యూరోల వస్తువు 100కే వస్తుంది. 520తోనో 522తోనో మొదలయ్యే మన పిన్‌కోడ్ ఇచ్చి, చెల్లింపు పేజీ దాకా వెళ్లాకే ధర పోల్చండి. అక్కడ రూపాయల్లో కట్టమని అడిగితే ఒప్పుకోవద్దు. ఆ మారకపు రేటు చాలాసార్లు బ్యాంకు రేటు కంటే ఎక్కువే ఉంటుంది.

తేలికైనా పెద్దగా ఉండే సామాను దగ్గర ఖర్చు తడిసి మోపెడవుతుంది. కొరియర్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, 5000తో భాగించి వచ్చినదాన్ని కిలోలుగా లెక్కేస్తాయి. 40, 30, 30 పెట్టెకు 7.2 కిలోలు. లోపల వస్తువు 2 కిలోలే అయినా 7.2కే కట్టాలి. సరుకును ఒక గోదాములో పోగేసి పంపే ఫార్వర్డింగ్ సర్వీసు వాడితే, బయటి పెట్టెలు తీసేసి ఒకే దాంట్లో సర్దమని తప్పక అడగండి.

నా దృష్టిలో అస్సలు తెప్పించుకోకూడనివి అమెరికా వంటింటి మిషన్లు. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనకు 230, 50. నేరుగా పెడితే వేడి చేసే తీగ మీద పడే శక్తి దాదాపు నాలుగు రెట్లవుతుంది, క్షణాల్లో కాలిపోతుంది. 1000 వాట్ల కుక్కరుకు వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కనీసం 1500 వాట్లది కావాలి. అది బరువు, గట్టు మీద సగం చోటు తినేస్తుంది, పైగా వేడెక్కుతుంది. ఫ్రీక్వెన్సీని మాత్రం అది మార్చదు. దాని మీద ఆధారపడి తిరిగే టైమర్లు గంటకు 10 నిమిషాలు వెనకబడతాయి. కొనేముందు అడాప్టర్ లేబుల్ ఫొటో అడగండి. ‘ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్’ అని ఉంటేనే ముందుకెళ్లండి.

ఫోన్లు కూడా వద్దంటాను. అమెరికాలో అమ్మే ఐఫోన్లలో 14 మోడల్ నుంచి సిమ్ ట్రే లేదు, ఈసిమ్ ఒక్కటే. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. డ్రోన్ల దిగుమతి మీద 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం ఉంది. ల్యాప్‌టాప్ అయితే డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే అన్నయ్యో వదినో వెంట తెచ్చుకోవడం మేలు. 18 ఏళ్లు దాటిన ప్రయాణికులు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అదే కొరియర్లో వస్తే సుంకం కట్టాల్సిందే.

బాగా గిట్టేవి ఇక్కడ దొరకనివి, చిన్నవి, కరెంటుతోనూ వారంటీతోనూ పని లేనివి: జపాన్ పెన్నులు, వాటి పాళీలు, లెన్సు ఫిల్టర్లు, కీబోర్డు మీటలు, పాత పరికరాల విడిభాగాలు. వీటిలో తగ్గింపు లేకపోయినా ఒక్కోసారి కొనడమే లాభం, ఎందుకంటే ఇక్కడ పోల్చడానికి ధరే ఉండదు.

ఆర్డరు పెట్టేటప్పుడు పేరు, చిరునామా ఆధార్‌లో ఉన్నట్టే రాయండి. కొరియర్ కేవైసీలో తేడా వస్తే పార్సిల్ కస్టమ్స్ దగ్గరే ఆగిపోతుంది, కొన్నాళ్లకు గోదాము అద్దె మొదలవుతుంది. పెట్టె విప్పేటప్పుడు లేబుల్ నుంచి మొదలుపెట్టి ఆపకుండా వీడియో తీయండి. కొరియర్ నుంచి బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చిన దిగుమతి పత్రం) కాపీ మెయిల్‌లో తెప్పించుకుని, అందులో రాసిన విలువ మన బిల్లుతో సరిపోయిందో లేదో చూడండి. ఎక్కువ రాసి ఉంటే వెంటనే కొరియర్ వాళ్లకు రాతపూర్వకంగా తెలపండి, ఆలస్యమైతే ఎక్కువ కట్టిన సుంకం రాబట్టుకోవడం కష్టం.