అంతర సూది: బాలాపూర్ రోహింగ్యా బస్తీ నుంచి ఒక రివ్యూ

గర్భం రాకుండా సర్కారు దవాఖానాలో ఉచితంగా వేసే 'అంతర' ఇంజెక్షన్‌కి నేను అయిదుకి నాలుగిస్తాను. దాన్ని అందించే కౌంటర్‌కి రెండే. అదీ లోపల కూర్చునే నర్సు, ఏఎన్ఎం అక్క మొహం చూసి.

హైదరాబాద్ బాలాపూర్‌లో, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా ఆడవాళ్లకి కుట్టుపని నేర్పుతుంటాను. వాళ్లకి తెలుగు రాదు, వచ్చిన కాస్త ఉర్దూ కూడా డాక్టరు ముందు నోట్లోంచి రాదు. అందుకే తోడు వెళ్తుంటాను.

అంతర మూడు నెలలకో సూది. 2017 నుంచి సర్కారు కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో ఉంది. ఆ గుడిసెల్లో ఒకే గదిలో అత్త, మొగుడు, పిల్లలు. రోజూ మింగే మాల-ఎన్ మాత్రల షీటు దాచుకునే చోటెక్కడ? ఛాయ మాత్రలు మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి. ఆ లెక్క మనకే తప్పుతుంది. సూదితో ఈ బాధ లేదు. చంటిబిడ్డకి పాలిస్తున్నా, కాన్పయిన ఆరు వారాలకి వేయించుకోవచ్చు.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, నెలసరి గాడి తప్పుతుంది. మొదట్లో మధ్యమధ్యలో మరకలు, పోనుపోను అసలు రాకపోవచ్చు. హాని లేదు, కానీ ముందే చెప్పాలి. చెప్పకపోతే "రక్తం కడుపులోనే పేరుకుపోతోంది బాజీ" అని రెండో సూదికి రారు. ఆపేశాక మళ్లీ గర్భం నిలవడానికి ఏడు నుంచి పది నెలలు పట్టొచ్చన్న మాట కూడా ఎవరూ చెప్పరు.

ఇక కౌంటర్. ఆధార్ అడుగుతారు, వీళ్ల దగ్గరుండేది యూఎన్ శరణార్థి కార్డు. "కంప్యూటర్ తీసుకోదు" అని తిప్పి పంపుతారు. అదే కార్డు చూసి లోపలి అక్క చక్కగా రిజిస్టర్‌లో రాసుకుంది. కౌంటర్‌లో మాత్రం పైగా ఓ ఉచిత సలహా: "ఇంతమందిని కంటారేం, ఆపరేషన్ చేయించుకోమను." ఎవరితో అంటున్నారో తెలియాలి కదా! మయన్మార్‌లోని రఖైన్‌లో, వీళ్ల ఊళ్లలో 2005లో రోహింగ్యాలకి మాత్రమే ఇద్దరు పిల్లల ఆంక్ష పెట్టారు. పెళ్లికి కూడా అధికారుల అనుమతి కావాల్సి వచ్చేది. 'కుటుంబ నియంత్రణ' అనగానే కొందరు లేచి వెళ్లిపోయేది అందుకే. ఏఎన్ఎం అక్క ఆ మాటే ఎత్తదు. "ఇంకా పిల్లలు కావాలా? ఎన్నేళ్లాగి?" అని అడుగుతుంది. అప్పుడు నోరు విప్పుతారు, నన్ను కూడా బయట కూర్చోమంటారు.

వెళ్లేవాళ్లకి: యూఎన్ కార్డు జిరాక్స్ పట్టుకెళ్లండి. సూది వేసిన చోట రుద్దొద్దు. తేదీ దాటిపోయిందని మానేయొద్దు, నాలుగు వారాల ఆలస్యం వరకూ వేస్తారు. కౌంటర్‌లో కాదంటే నేరుగా ఏఎన్ఎం గదికి వెళ్లి అడగండి.