గాలపాగోస్ దీవులకు ఏది మేలు: తాబేటి పిల్లలను పెంచి వదలడమా, ఎలుకలనూ మేకలనూ నిర్మూలించడమా?

గాలపాగోస్ దీవుల్లో పిన్సోన్ అనే చిన్న దీవి ఉంది. 1965లో ఆ దీవి నుంచి కొన్ని తాబేలు గుడ్లను సాంటా క్రూజ్ దీవిలోని చార్లెస్ డార్విన్ పరిశోధన కేంద్రానికి తీసుకువచ్చి పొదిగించారు. అప్పటికి పిన్సోన్‌లో మిగిలినవి ముసలి తాబేళ్లు మాత్రమే. అవి గుడ్లు పెడుతూనే ఉన్నాయి, గుడ్లు పిల్లలవుతూనే ఉన్నాయి, కానీ ఒకప్పుడు ఓడలతో పాటు వచ్చి దిగిన నల్ల ఎలుకలు మెత్తటి డిప్ప గల ఆ పిల్లలను పుట్టినవి పుట్టినట్టే తినేస్తున్నాయి. అదే దీవి మీద 2012 డిసెంబరులో హెలికాప్టర్లతో ఎలుకల మందు చల్లారు. 2014 చివరలో పరిశోధకులకు అక్కడి నేల మీదనే పుట్టి బతికిన తాబేటి పిల్లలు కనిపించాయి. వందేళ్లకు పైగా ఆ దృశ్యం ఎవరూ చూసి ఉండలేదు. ఒకే జీవిని కాపాడడానికి అనుసరించిన ఈ రెండు మార్గాలకూ నడుమ 47 ఏళ్లు గడిచాయి. పరిమితమైన డబ్బునూ మనుషులనూ దేనిమీద ముందు పెట్టడం మేలన్నదే ఇక్కడ పరిశీలించదలచిన ప్రశ్న.

ఈ దీవులు ఈక్వెడార్ తీరానికి పడమరగా దాదాపు 1000 కిలోమీటర్ల దూరంలో, సముద్రగర్భంలోని అగ్నిపర్వతాల వల్ల పుట్టినవి. ఏనాడూ ఖండంతో కలిసి ఉన్నవి కావు. అందుచేత తేలుతూనో ఎగురుతూనో రాగలిగిన జీవులే ఇక్కడికి చేరాయి. ఆవులు, మేకలు, జింకల వంటి మేసే జంతువులు లేని చోట ఆ పని భారీ తాబేళ్లకు దక్కింది. పచ్చిక దట్టంగా ఉండే ఎత్తైన దీవుల్లో గుమ్మటం వంటి డిప్ప గలవీ, ఎండిన దీవుల్లో మెడ పైకి చాచడానికి వీలుగా ముందువైపు జీను లాగా పైకి లేచిన డిప్ప గలవీ, ఇలా దీవికొక రకంగా అవి వేరుపడ్డాయి. తిండీ నీళ్లూ లేకుండా నెలల తరబడి బతకగలగడమే వాటి కొంప ముంచింది. తిమింగలాల వేటగాళ్లు వాటిని ఓడ అడుగున పేర్చుకుని, కావలసినప్పుడు ఒక్కొక్కటే కోసుకుని తిన్నారు. అలా పోయినవి లక్షకు పైనే ఉంటాయని అంచనా. మనుషులు తినగా మిగిలిన వాటికి వాళ్లు వదిలి వెళ్లిన మేకలు, పందులు, ఎలుకలు, పిల్లులు దాపురించాయి.

మొదటి మార్గం పెంపకం. గూడు నుంచి గుడ్లను తిరగబడకుండా జాగ్రత్తగా తెచ్చి ఇన్‌క్యుబేటర్‌లో ఉంచుతారు. తాబేళ్లలో ఆడా మగా అన్నది పొదిగే వేడిమిని బట్టి తేలుతుంది కనుక, 28 డిగ్రీల దగ్గర మగవీ 29.5 డిగ్రీల దగ్గర ఆడవీ పుట్టేలా చూడగలరు. నాలుగైదేళ్లు పెంచి, డిప్ప ఎలుక పంటికి లొంగనంత గట్టిపడ్డాక సొంత దీవిలో వదులుతారు. ఈ పద్ధతికి ఎస్పాన్యోలా దీవిని మించిన సాక్ష్యం లేదు. ఆ దీవిలో మిగిలినవి పద్నాలుగే, వాటిలో పన్నెండు ఆడవి, రెండు మగవి. అంత పెద్ద దీవిలో ఒకదానికొకటి ఎదురుపడడమే గగనమైన స్థితిలో, 1963 నుంచి 1974 వరకు వెతికి వెతికి అన్నిటినీ సాంటా క్రూజ్‌కు చేర్చారు. అమెరికాలోని శాన్ డియాగో జంతు ప్రదర్శనశాలలో ఉన్న మూడవ మగ తాబేలు తర్వాత వాటితో కలిసింది. దాని పేరు డియాగో. ఈ పదిహేనింటి సంతానం దాదాపు రెండు వేలు ఎస్పాన్యోలాకు చేరింది. 2020 జూన్‌లో ఆ ముసలి తల్లిదండ్రులను కూడా సొంత దీవిలో దించి కార్యక్రమాన్ని ముగించారు. డియాగో గురించి పత్రికలు ముచ్చటగా రాశాయి గాని, జన్యు పరీక్షల ప్రకారం దాని సంతానం నూటికి నలభై వంతులే. ఎక్కువ పిల్లలకు తండ్రి పత్రికలకెక్కని మరో మగ తాబేలు.

ఖర్చు తక్కువ, ఏ జంతువునూ చంపే పని లేదు, ఫలితం కంటికి కనిపిస్తుంది. అందుకే పెంపకం అందరికీ నచ్చుతుంది, సందర్శకులు కూడా పెంపక కేంద్రంలోని పిల్లలను చూసి మురిసిపోతారు. అయితే రెండు లోపాలు ఉన్నాయి. పదిహేను తాబేళ్ల నుంచి వచ్చిన రెండు వేలలో జన్యు వైవిధ్యం పదిహేనింటిదే, సంఖ్య పెరిగినంత మాత్రాన అది పెరగదు. రెండవది అంతకంటే పెద్ద లోపం: శత్రువు దీవి మీద ఉన్నంత కాలం ఈ పనికి ముగింపు ఉండదు. పిన్సోన్‌లో జరిగింది అదే. ఏటా గుడ్లు తేవడం, పెంచడం, వదలడం, అవి పెద్దవై పెట్టిన గుడ్లను మళ్లీ తేవడం. కేంద్రానికి ఒక్క దశాబ్దం నిధులు ఆగితే, ఆ దశాబ్దంలో పుట్టవలసిన తరం మొత్తం ఎలుకల పాలయ్యేది.

రెండవ మార్గం నిర్మూలన. ఇది చెప్పడానికి కూడా కటువైన పని. ఇసాబెలా దీవి ఉత్తర భాగంలోనూ సాంటియాగో దీవిలోనూ 1997 నుంచి 2006 వరకు సాగిన కార్యక్రమంలో హెలికాప్టర్ల నుంచీ నేల మీదా కాల్చి లక్షకు పైగా మేకలను చంపారు. సుమారు కోటి డాలర్లు ఖర్చయ్యాయి. మేకలను చివరి ఒక్కదాని దాకా ఏరివేయడమే అసలు కష్టం. నూటికి తొంభై తొమ్మిది పోయినా, మిగిలిన ఆ ఒక వంతు పదేళ్లలో మళ్లీ మంద కడుతుంది. మేక ఒంటరిగా ఉండలేదన్న సంగతిని ఇక్కడ వాడుకున్నారు. కొన్ని మేకలకు రేడియో పట్టీలు కట్టి వదిలితే అవి వెళ్లి దాక్కున్న మేకలను కలుసుకునేవి, వేటగాళ్లు ఆ సంకేతం వెంట వెళ్లేవారు. యేసును పట్టించిన ఇస్కరియోతు యూదా పేరును ఈ మేకలకు పెట్టారు. పంజరంలోని కౌజును అరిపించి అడవి కౌజులను వలలో వేసే మన పల్లెల వేటగాళ్లకు ఈ కిటుకు కొత్త కాదు.

దీని ఫలితం ఒక్క తాబేళ్లకే పరిమితం కాలేదు. సాంటియాగోలో మేకలు పోయాక కింది పొదలు తిరిగి లేచి, వాటిలో దాగి బతికే గాలపాగోస్ రైల్ అనే చిన్న నల్ల పిట్ట సంఖ్య బాగా పెరిగింది. 1835లో ఆ దీవిలో గుడారం వేసుకోవడానికి ఖాళీ లేనన్ని నేల ఇగ్వానాల (పెద్ద బల్లుల) బొరియలు ఉండేవని డార్విన్ రాశాడు. తర్వాత అవి అక్కడ పూర్తిగా అంతరించాయి. పందులూ మేకలూ పోయిన ఆ నేలకు 2019 జనవరిలో నార్త్ సేమూర్ దీవి నుంచి 1400కు పైగా ఇగ్వానాలను తీసుకువచ్చి వదలగలిగారు. పెంపకం ఒక జీవికి మేలు చేస్తుంది, నిర్మూలన ఆ నేల మీద బతికే అన్నిటికీ చేస్తుంది. మరి దాని దుష్ఫలితాలో? పిన్సోన్‌లో మందు చల్లే ముందు అక్కడి డేగలను పట్టి బోనుల్లో ఉంచారు. తీరా వాటిని వదిలాక వాటిలో చాలా చనిపోయాయి. మందు తిన్న లావా బల్లులు చావలేదు గాని, ఆ విషం వాటి ఒంట్లో అనుకున్నదానికంటే చాలా ఎక్కువ కాలం నిలిచింది, ఆ బల్లులను డేగలు తిన్నాయి. ఆ నష్టం చిన్నదని నేను అనను. కానీ డేగలు పక్క దీవుల్లో ఉన్నాయి, పిన్సోన్ తాబేలు పిన్సోన్‌లో తప్ప మరెక్కడా లేదు.

ఇంతవరకు చూస్తే నిర్మూలన వైపే తక్కెడ మొగ్గుతుంది. పింటా దీవి కథ దాన్ని కొంత సరిచేస్తుంది. 1959లో జాలర్లు అక్కడ మూడు మేకలను వదిలితే, పదిహేనేళ్లు తిరగకుండా అవి వేలకు వేలయ్యాయి. వాటిని తొలగించడం 1990ల చివరికి గాని సాధ్యపడలేదు. ఈలోగా ఆ దీవి తాబేళ్లలో ఒకే ఒక మగది మిగిలింది. 1971లో కనిపించి, ‘ఒంటరి జార్జ్’ అనే పేరుతో లోకానికి తెలిసి, 2012 జూన్ 24న అది కూడా పోయింది. పింటా నేల బాగుపడింది, మొక్కలు లేచాయి, కానీ వాటిని మేసి, తొక్కి, విత్తనాలను పేడతో చల్లే జీవి లేకపోవడంతో పొదలు అడ్డూ ఆపూ లేకుండా అల్లుకున్నాయి. చివరకు 2010లో పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసిన 39 సంకర తాబేళ్లను, కేవలం ఆ పని చేయడానికే, అక్కడ వదలవలసి వచ్చింది. ఎస్పాన్యోలాలో కూడా 1978 నాటికి మేకలు పోయాక చెట్టూ చేమా కమ్ముకుని, నాగజెముడుకు చోటు తగ్గింది. మన చేల గట్ల మీద కంచెగా పెరిగే నాగజెముడుకు ఇది దగ్గరి చుట్టమే గాని, అక్కడ మాను కట్టి చెట్టంత ఎదుగుతుంది, తాబేలుకు అదే తిండీ నీరూ. రెండు మీటర్లకు పైగా రెక్కల విస్తీర్ణం ఉండి, పరుగెత్తితే తప్ప గాలిలోకి లేవలేని అల్బట్రాస్ పక్షులకు కూడా ఆ పొదలు అడ్డమయ్యాయి. వాటికి దారి తెరవగలిగేది తాబేలే, అంటే సాంటా క్రూజ్‌లో పెరిగిన ఆ రెండు వేల పిల్లలే.

కాబట్టి నా తీర్పు జీవుల లెక్కను బట్టి మారుతుంది. ఎస్పాన్యోలాలో లాగా జీవులు వేళ్ల మీద లెక్కించేన్ని మిగిలితే, పెంపకమే ముందు. శత్రువును తొలగించే దాకా ఆగితే పింటా గతే పడుతుంది. వందకు పైగా పెద్దవి బతికి ఉన్న పిన్సోన్ వంటి చోట మాత్రం డబ్బు ముందు నిర్మూలనకే వెళ్లాలి. నలభై ఏళ్లకు పైగా అక్కడ పెంపకం సాగడానికి కారణం అది మెరుగైన మార్గం కావడం కాదు. కొండలూ లోయలూ ఉన్న అంత దీవిలో ఎలుకలను చివరిదాకా చంపే సాధనం అప్పట్లో లేకపోవడం. సాధనం లేని కాలంలో చేసిన పనిని, సాధనం వచ్చాక కూడా అలవాటుగా కొనసాగించడం సరికాదు.

అయితే ఈ లెక్కకు లొంగని జీవి ఒకటి ఉంది. ఇసాబెలా పడమటి తీరంలో కొద్దిపాటి మడ అడవుల్లో మాత్రమే మిగిలిన మడ ఫించ్ అనే పిట్టలు ఇప్పుడు వందకు మించవు. వాటి గూళ్లలో ఎలుకల బెడద ఉన్నా, దాన్ని మందు ఎరలతో అదుపులో ఉంచుతున్నారు. అసలు శత్రువు బయటి నుంచి వచ్చిన ఫిలోర్నిస్ అనే ఈగ. అది గూటిలో గుడ్లు పెడితే, వాటి పురుగులు రాత్రివేళ పిట్ట పిల్లల రక్తం పీల్చి చంపుతాయి. ఈగను హెలికాప్టర్ నుంచి కాల్చలేము, ఎర వేసి దీవుల నుంచి తుడిచివేయనూ లేము. 2002లో దీవుల మొక్కలను పీల్చే ఒక పొలుసు పురుగు మీదికి ఆస్ట్రేలియా నుంచి అక్షింతల పురుగును తెచ్చి వదిలారు, అది మంచి ఫలితమే ఇచ్చింది. అదే దారిలో ఈ ఈగకు ఒక పరాన్నజీవి కందిరీగను వెతికి పరీక్షిస్తున్నారు. బయటి జీవిని తెచ్చి బయటి జీవి మీదికి వదలడం ఈ దీవుల చరిత్ర ఎరిగిన వారికి సహజంగానే గుబులు పుట్టిస్తుంది కనుక, ఆ పరీక్షలు ఏళ్లు పట్టినా తొందరపడకపోవడమే సబబు. ఈలోగా మనుషులు మడ చెట్ల కొమ్మల చివరిదాకా ఎక్కి గుడ్లు దించి, సాంటా క్రూజ్‌లో పొదిగి, చేతులతో మేత పెట్టి పెంచిన పిల్లలను తిరిగి అదే అడవికి చేరుస్తూ వచ్చారు. 2014లో మొదలైన ఈ పద్ధతి ఎంత శ్రమతో కూడినదైనా, ఆ పిట్ట విషయంలో నిర్మూలన కంటే పెంపకానికే నేను ఓటు వేస్తాను.