మా రన్నింగ్ క్లబ్ గ్రౌండ్: నాలుగు స్టార్లు, ఒక అభ్యంతరం

క్లబ్‌లో నా పని టైమ్ చూడటం. మోకాళ్లు మొరాయించాక పరుగు మానేసి స్టాప్‌వాచ్ పట్టుకున్నాను. ట్రాక్ పక్కన నిలబడి అందర్నీ చూసే మనిషి రాస్తున్న రివ్యూ ఇది.

ట్రాక్ మట్టిదే, సింథటిక్ కాదు. కానీ 400 మీటర్లంటే కచ్చితంగా 400 మీటర్లే. మొదటి లేన్‌ని లోపలి అంచుగట్టు దగ్గర కాదు, దానికి 30 సెంటీమీటర్లు బయటివైపు కొలవాలి. అలాగే కొలిచి సున్నం గీతలు మేమే వేసుకుంటాం. ఎనిమిదో లేన్‌లో వాళ్లని దాదాపు 53 మీటర్లు ముందు నిలబెడితే కొత్తవాళ్లు "ఇదేం న్యాయం మేడం" అంటారు. బయటి లేన్‌లో చుట్టు ఎక్కువని మలుపు తిరిగాక వాళ్లకే అర్థమవుతుంది.

నాకు బాగా నచ్చేది ఇంకొకటి. రోడ్డు మీద గుంపుగా బయల్దేరితే నెమ్మదిగా పరిగెత్తేవాళ్లు కాసేపటికే ఒంటరైపోతారు. ఇక్కడ ఎంత వెనకబడినా అందరి కళ్లముందే ఉంటారు. స్పైక్స్ (అడుగున మేకులుండే పరుగు బూట్లు) వేసుకున్న కుర్రాడు, బరువు తగ్గాలని వచ్చిన పెద్దాయన, చీకటిపడ్డాక రోడ్డు మీద పరిగెత్తడానికి జంకే అమ్మాయిలు, అందరూ ఒకే ట్రాక్ మీద. దాటి వెళ్లేవాడు "కానివ్వండి, ఇంకో రౌండే" అంటూ పోతాడు.

లోపాలూ ఉన్నాయి. వాన పడితే గేటుకి ఎదురుగా ఉన్న స్ట్రెయిట్, అంటే ట్రాక్‌లో తిన్నగా ఉండే భాగం, బురదవుతుంది. టాయిలెట్‌కి తాళం ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడం వేరే పరుగు. ఒక మూల లైట్ వెలగదు. స్టార్ తగ్గించింది వీటికే.

ఇక అభ్యంతరం. ఈ స్థలంలో ఫ్లాట్లు కడతారట. బదులుగా "అంతే విస్తీర్ణం" ఇస్తారట: బిల్డింగుల చుట్టూ వాకింగ్ దారి, ట్రెడ్‌మిల్స్ ఉన్న ఒక హాలు. ప్లాన్ నేనూ చూశాను. చదరపు మీటర్ల లెక్క సరిపోయింది, నిజమే. కానీ ఎనిమిది లేన్ల ట్రాక్‌కి సుమారు 177 మీటర్ల పొడవు, 92.5 మీటర్ల వెడల్పు ఒకే ముక్కగా కావాలి. అక్కడో పేలిక, ఇక్కడో పేలిక కలిపి చూపిస్తే ట్రాక్ అవదు. పైగా ఆ దారి పేవర్ బ్లాకులు, మూల మూలకీ తొంభై డిగ్రీల మలుపు, రెండుచోట్ల కార్లు బయటికొచ్చే దారి. అక్కడ ఎవరికైనా 400 మీటర్ల టైమ్ తీయమంటే నేను చేతులెత్తేస్తాను.

పోగొట్టుకోవడం పెద్దపెద్ద వాటికే తప్పలేదు. మారథాన్ 42.195 కిలోమీటర్లు అయింది 1908 లండన్ ఒలింపిక్స్ వల్ల. ఆ పరుగు ముగిసిన వైట్ సిటీ స్టేడియాన్ని 1985లో కూల్చేశారు. దూరం మిగిలింది, స్టేడియం పోయింది. అంత చరిత్ర ఉన్నదానికే దిక్కులేనప్పుడు, మా మట్టి ట్రాక్‌కి "ఎన్నో జ్ఞాపకాలున్నాయి" అని ఉత్తరాలు రాస్తే ఎవరు వింటారు?

వాళ్లు వినేది లెక్కలే. "గ్రౌండ్‌ని ఎవరూ పెద్దగా వాడటం లేదు" అని ప్లాన్‌లో రాసి, రుజువుగా ఖాళీ ట్రాక్ ఫొటో పెట్టారు. అందులో నీడలు చూడండి, ఎంత పొట్టిగా ఉన్నాయో. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎవరు పరిగెత్తుతారండీ! తెల్లవారుజామునో సాయంత్రమో రమ్మనండి, లేన్ దొరకడమే కష్టం.

అందుకే గేటు లోపల బల్ల మీద రిజిస్టర్ పెట్టాం. అభ్యంతర పత్రాలు కూడా గడువులోపు ఎవరివి వాళ్లు సొంతంగా రాస్తున్నారు. ఒకే కాగితం అందరూ సంతకాలు పెట్టి పంపితే దాన్ని ఒక్క ఉత్తరంగా తీసి పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది. మేం అడుగుతున్నది గ్రౌండ్‌ని ఇలాగే ఉంచమని. అది కుదరదంటే, కొలిచిన కొత్త ట్రాక్ సిద్ధమయ్యాకే పాతదానికి తాళం వేస్తామని అనుమతిలోనే షరతు రాయాలి. నోటిమాట వద్దు.

పరుగు మొదలుపెట్టాలనుకుంటే నిస్సంకోచంగా రండి, మామూలు షూస్ చాలు. వచ్చినప్పుడు రిజిస్టర్‌లో పేరు, టైమ్, ఏం చేశారో రాయండి. "జాగింగ్" అని ఒక్క ముక్క గీకి పోకండి. ఎన్ని రౌండ్లు, ఎవరితో, ఏ పోటీ కోసమో కూడా కావాలి. పెన్ను మీదే తెచ్చుకోండి, అక్కడ పెట్టినవి నిలవడం లేదు.